కోచ్‌కి కన్నే పెట్టుబడి
2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం గెలిచాడు. అతనిది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాలకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసి, తెల్లదొరలు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికప్పగించిన సెటిల్‌మెంట్ అది. ఆ ముద్ర మీద ఇంతకు మించిన దెబ్బ ఏముంటుంది! అంత బరువును లేపిన విద్యే, మన గుంటూరు, ఒంగోలు జిమ్ముల్లో ట్రైనర్‌గా బతకాలనుకునే ప్రతి కుర్రాడికీ పునాది కావాలి.

స్నాచ్‌ను, అంటే బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడాన్ని చూడండి. బొటనవేలిని మిగతా వేళ్ల కింద బిగించి పట్టాలి. బార్ పిక్కలకు దగ్గరగా లేవాలి, నడుము వంగకూడదు, తుంటీ భుజాలూ కలిసి లేవాలి. మోకాళ్లు దాటాక ఒక్క ఉదుటున లాగి, బార్ ఇంకా పైకి పోతుండగానే దాని కిందికి దూరి, మోచేతులు బిగించి గొంతుకూర్చున్న భంగిమలో నిలబెట్టాలి. ఇదంతా రెప్పపాటు పని. ఇందులో తప్పు ఎక్కడ జరిగిందో పట్టేసే కన్నుంటేనే కోచ్. ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న చేతిలో తయారైన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారత మహిళ అయింది. పల్లెటూరి గురువు కన్నుకు అంతకన్నా యోగ్యతాపత్రం అక్కర్లేదు.

పోటీలకు పోనివాళ్లకు ఇదంతా ఎందుకంటారు కొందరు. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోసే హమాలీ, పొద్దస్తమానం వంగి కాయ కోసే కూలీ, ఇద్దరి నడుమూ నిలిచేది వెన్ను వంచకుండా బరువెత్తాలన్న ఇదే సూత్రం మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్లందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలంటుంది. మనిషి చేసే పనీ, పాత దెబ్బలూ అడిగి తెలుసుకుని, ఉత్త కర్రతో మొదలుపెట్టించి, వారం వారం కొద్దికొద్దిగా బరువు పెంచేవాడే ట్రైనర్. మిరప నారును నీళ్లతో ముంచెత్తితే కుళ్లుతుంది, కొత్త ఒళ్లూ అంతే. గురువుల దగ్గర నేర్చుకుంటే చాలు, చదువెందుకన్న మాట కూడా నేను ఒప్పుకోను. శరీర నిర్మాణం, ప్రథమ చికిత్స తెలియని కన్ను సగం కన్నే. ఆ చదువుకు మన నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, 1961 నుంచి పాటియాలా క్రీడా సంస్థ ఉంది.

నా బాధంతా నేటి నకిలీ సరుకు గురించే. నాలుగు వారాల సర్టిఫికెట్, బిగుతు బనియను, అద్దం ముందు ఫొటోలు, అదే అర్హత! చేరిన రోజే మోయలేని బరువు మీద పెట్టి, నెల తిరక్కుండా డబ్బా పౌడర్ అంటగట్టి, ఆపైన స్టెరాయిడ్ సూదిదాకా తీసుకెళ్లేవాళ్లున్నారు. ఆ సూది గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, ఒంట్లో సహజంగా ఊరే హార్మోన్‌ను ఎండగడుతుంది. అది వ్యాయామ విద్యకు ద్రోహం. జిమ్ యజమానులారా, కండలు చూసి కాదు, కొత్తవాడి చేత బస్కీ సరిగ్గా తీయించగలడో లేదో చూసి ట్రైనర్‌ను పెట్టుకోండి. తల్లిదండ్రులారా, ఫీజు కట్టేముందు అతని గురువెవరో అడగండి. అధికారులారా, స్టువర్టుపురం లాంటి ఊళ్లలో బరువులెత్తిన అనుభవజ్ఞులకు జిల్లా జిమ్ముల్లో శిక్షకులుగా చోటివ్వండి. ఆ విద్య మన గడ్డ మీద ఇంకా బతికే ఉంది, దానికి జీతమిచ్చి నిలబెట్టుకోవాల్సింది మనమే.