ఎడమ పక్కన ఇద్దరు

చునీ గోస్వామి గొప్పా, తులసీదాస్ బలరాం గొప్పా? కోల్‌కతాలో ఈ మాట ఎత్తితే తెల్లారినా తెమలదు. ఒకరు మోహన్ బగాన్ మనిషి, ఇంకొకరు ఈస్ట్ బెంగాల్ మనిషి. ఇద్దరూ ఫార్వర్డులే, ఇద్దరూ కెప్టెన్లే, 1962లో ఇద్దరూ భారత జట్టుకు ఎడమ పక్కనే ఆడారు. మనవైపు మాత్రం ఈ చర్చ పెట్టుకునేవాళ్లు కనబడరు. వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, సాయంత్రం ఏ గ్రౌండుకు పోయినా క్రికెట్టో, వాలీబాలో, కబడ్డీనో. ఆ ఇద్దరిలో ఒకరు సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో పెరిగినవాడంటే మన పిల్లలు నమ్మరు. అందుకే ఈ పోలికను తెలుగులో ఒకసారి గట్టిగా పెట్టి చూడాలని నా కోరిక.

ముందు బలరాం ఎక్కడినుంచి వచ్చాడో చూడాలి. ఊరి పేరు చెబితే సరిపోదు, ఆట పుట్టుక చెప్పాలి. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఒక బడి ఉండేది. దాని పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం, నిజంగానే బడిపంతులు. 1943 నుంచి సిటీ పోలీస్ జట్టుకు, 1950 నుంచి దేశానికి కోచ్. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిందంటే ఆ చదువు ఎంత గట్టిదో తెలుస్తుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో చిత్తయ్యాం. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాం. మధ్యలో జరిగిందంతా ఆ బడి చలవే.

ఏం నేర్పేవాడు? చాలామంది కుర్రాళ్లకు ఒక కాలే కాలు, రెండోది నిలబడటానికి మాత్రమే పనికొస్తుంది. రహీం బలం లేని కాలితో మాత్రమే బంతి తన్నాలనే షరతు పెట్టి మ్యాచ్‌లు ఆడించేవాడు. అసలు డ్రిబ్లింగే చేయకూడదని ఇంకో రకం ఆట పెట్టేవాడు. చూడటానికి ఇవి చిన్న షరతులే. కానీ డ్రిబ్లింగ్ లేదంటే బంతి వచ్చాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు. రాకముందే తల తిప్పి చూసుకోవాలి, తోటివాడు ఎక్కడున్నాడు, వెనకనుంచి ఎవడొస్తున్నాడు అని. బంతి ఇచ్చేసినవాడు నిలబడిపోతే తర్వాతివాడికి పాస్ దొరకదు కాబట్టి ఇచ్చిన మరుక్షణం ఖాళీలోకి పరిగెత్తాలి. రెండు కాళ్లూ పనిచేస్తే అడ్డుకునేవాడికి నువ్వు ఎటు తిరుగుతావో అంతుబట్టదు. ఒక్క కాలివాణ్ణి డిఫెండర్ రెండు నిమిషాల్లో చదివేస్తాడు, అటువైపు దారి మూసి కూర్చుంటాడు.

ఈ చదువు ఒంటబట్టినవాడు బలరాం. బూట్లు కొనే స్తోమత లేని ఇల్లు. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టేవాడితో ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడని ఆయన కథ. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ రావడానికి సైకిలు అద్దెకు రహీమే డబ్బులిచ్చేవాడట. 1956లో మెల్‌బోర్న్ పోయిన జట్టులో బలరాంకు ఇంకా ఇరవై ఏళ్ల ప్రాయమే. అదే జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, అందరూ హైదరాబాదీలే. బలరాంను సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టినా, ఇన్‌సైడ్ పెట్టినా, వింగ్‌లో పెట్టినా ఆడేవాడు. ఇన్ని చోట్లా కుదురుకునే ఫార్వర్డు ఆ కాలంలో అరుదు.

చునీది వేరే బాణీ. కలకత్తా మైదాన్‌లో జనం చూడాలనుకునేది డ్రిబ్లింగ్. బంతిని పాదానికి అంటించుకున్నట్టు తీసుకుపోవడం, నడుము ఒకవైపు ఊపి ఇంకోవైపు జారిపోవడం చునీకి పుట్టుకతో వచ్చిన విద్య. చిన్నప్పటినుంచీ మోహన్ బగాన్‌లోనే ఉన్నాడు. 1954 నుంచి 1968 దాకా పెద్ద జట్టుకు ఆడాడు, క్లబ్బు మారలేదు. ఫుట్‌బాల్ చాలించాక బెంగాల్‌కు రంజీ కెప్టెన్ అయ్యి 1971-72లో జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడంటే ఆ మనిషికి ఆటలన్నీ ఎంత సహజమో ఊహించుకోవచ్చు. డిఫెండర్లు ఇద్దరు మీదికి వచ్చినా బంతి పోగొట్టుకోనివాడు జట్టులో ఉంటే మిగతావాళ్లకు ఊపిరి ఆడుతుంది. ఆ మేలు చాలా పెద్దది, తక్కువ చేయను.

ఇప్పుడు జకార్తాకు రావాలి, ఎందుకంటే ఈ రెండు బాణీలు ఒకే పక్కన కలిసింది అక్కడే. 1962 ఆసియా క్రీడలు, చునీ కెప్టెన్, రహీం కోచ్. చునీ ఇన్‌సైడ్ లెఫ్ట్, బలరాం అతని బయట, గీత పక్కన. లోపలివాడు బంతి పట్టుకుని ఇద్దర్ని తన మీదికి లాక్కుంటే, బయటివాడు ఆ ఖాళీలోకి దూకాలి. లోపలివాడు చిక్కుకుపోతే వెనక్కి వచ్చి పాస్‌కు చోటివ్వాలి. బంతి పోతే ముందుగా పరిగెత్తి వెనక్కి వెళ్లేది బయటివాడే. వీటిలో ఒక్కటీ స్కోరు పుస్తకంలోకి ఎక్కదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో కొట్టాం. జపాన్ మీద పీకే బెనర్జీ, బలరాం చెరో గోలు వేశారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో రెండు చునీవి. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ కొరియా. దాదాపు లక్ష మంది జనం, ఆతిథ్య దేశాన్ని విమర్శించిన మన క్రీడా ప్రతినిధి సోంధీ మాటల మీది కోపంతో మన జట్టుకు ఎదురు నిలిచారు. పీకే, జర్నైల్ సింగ్ వేసిన గోల్స్‌తో 2-1 గెలిచాం. ఆ తర్వాత భారత్‌కు ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు.

కెప్టెన్‌గా చూస్తే చునీదే పైచేయి, ఇందులో నాకు అనుమానం లేదు. ఎదురుగా అంత జనం అరుస్తుంటే, మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టును నిలబెట్టి తీసుకొచ్చాడు, రెండేళ్లకు 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం తెచ్చాడు. మోహన్ బగాన్‌కు 1960 నుంచి 1964 దాకా కెప్టెన్. ధీమా అతని ముఖంలోనే ఉండేది. బలరాం 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు, ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకున్నాడు. ఒక్క ఏడాదికి ఇది చిన్న పంట కాదు, కానీ చునీ నడిపిన సీజన్లు ఎక్కువ.

ఫార్వర్డ్‌గా అయితే నేను బలరాం పక్షమే. 1960 రోమ్ ఒలింపిక్స్ చూడండి. హంగరీ అంటే ఆ రోజుల్లో యూరప్‌కే గుండెదడ. స్ట్రైకర్ ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న ఆ జట్టు చేతిలో మనం 2-1తో ఓడాం, మన ఒక్క గోలూ బలరాందే. పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడూ మన గోలు అతనిదే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రాలో మన గోలు పీకే వేశాడు. పెద్ద జట్ల ముందు గోలు దొరకడం అరుదైన చోట ఆ మనిషి గోలు సంపాదించాడు. పైగా చునీ కోసం, పీకే కోసం చోటు మారి ఆడగలిగినవాడు. చునీని చోటు మార్చి ఆడమంటే చునీ సగమైపోతాడు. బలరాంను ఎక్కడ పెట్టినా బలరామే. రహీం బడి ఇచ్చిన వరం అదే, తన చోటును జట్టు అవసరానికి వదులుకునే తెగువ.

ఈ పోలికలో నన్ను కలిచివేసేది లెక్క తేలిన తీరు. 1963లో ఛాతీ జబ్బు బలరాం ఆటను ఆపేసింది. అప్పటికి ఇరవై ఏడైనా నిండలేదు. అదే ఏడాది జూన్ 11న రహీం క్యాన్సర్‌తో పోయాడు. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చాయి. బలరాంకు 1962లో వచ్చిన అర్జునతోనే సరి. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికి 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. అప్పటికి చునీ, పీకే ఇద్దరూ 2020లోనే వెళ్లిపోయారు. రహీం మీద ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది. దాన్ని చూడటానికి బలరాం లేడు.