నెత్తిమీది లీడర్‌బోర్డు

ఈ వారం చిరాకు మా మనవడి ట్యాబ్‌లోంచి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులో టీచరమ్మ కహూట్ అనే క్విజ్ ఆట పెట్టారు. భిన్నాల కూడిక తెర మీద పడిందో లేదో, వీడు జవాబుగా ఎర్ర త్రికోణం నొక్కేశాడు. "చదివి నొక్కరా!" అన్నాను. "చదువుతూ కూర్చుంటే పాయింట్లు పోతాయి తాతయ్యా" అన్నాడు. నిజమే. నార్వేలో పుట్టిన ఈ ఆటలో సరైన జవాబుకు మామూలుగా 1000 పాయింట్ల దాకా వస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ కోత.

పాయింట్లూ తాయిలమే. చదువుకు తాయిలం పెట్టకూడదన్నది నా పాత పాట. దానికి నా సాక్షులు మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్. 1973లో అచ్చైన వాళ్ల పరిశోధనలో, బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరు నర్సరీ పిల్లలకు ముందే ఆశపెట్టారు. తర్వాత బహుమతి ఊసెత్తకుండా అవే స్కెచ్ పెన్నులు ముందు పెడితే, వాళ్లు మిగతా పిల్లలతో పోలిస్తే సగంసేపే గీశారు.

'మా రోజుల్లో అయితేనా...' అని ఎత్తుకోబోతుంటే మా లెక్కల మాస్టారు అడ్డొచ్చారు. నోటిలెక్కల పీరియడ్‌లో అందరినీ వరసగా నిలబెట్టేవారు. "పదమూడు ఏడులు?" తెలియకపోతే పక్కవాడు, వాడికీ తెలియకపోతే ఆ పక్కవాడు. జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాళ్లందరికీ మొట్టికాయలు వేసుకుంటూ ముందుకెళ్లాలి. స్నేహితుడని మెల్లగా వేశాడో, "అలా కాదురా, ఇలా" అంటూ వాడి నెత్తిమీదే వేసి చూపించేవారు. వరస చివర ఒకడుండేవాడు. పలక ఇస్తే ఎంత లెక్కైనా చేసేవాడు. నిలబెట్టి అడిగితే నోరు పెగిలేది కాదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాడు.

అదీ వేగం పందెమే. కాకపోతే లీడర్‌బోర్డు మా నెత్తిమీద ఉండేది.

మా వాడేమో 'పులిహోర' అనే మారుపేరుతో ఆడుతున్నాడు. పులిహోరకు సున్నా వచ్చినా అది ఎవరి సున్నానో తోటి పిల్లలకు తెలియదు. ఓడిపోగానే "టీచర్, ఇంకోసారి!" అని అరిచాడు. మా పీరియడ్‌లో ఇంకోసారి అన్నవాణ్ణి నేను చూడలేదు.

కాబట్టి టీచరమ్మా, తాయిలం మీద నా పట్టు సడలిస్తున్నాను. పాయింట్లు ఉంటే ఉండనివ్వండి. గడియారం మీద మాత్రం పేచీ పెడతాను. సెట్టింగుల్లో ప్రశ్నకు 4 నిమిషాల దాకా ఇచ్చే వీలుంది. హారాలు సమం చేసుకోవడానికి పిల్లలకు ఆ మాత్రం వ్యవధి కావాలి.