రుజువు అడిగిన స్నేహం

ఏడ్రియన్ రిచ్ 1974లో నేషనల్ బుక్ అవార్డుని తన ఒక్కదానికోసం తీసుకోలేదు. పోటీలో ఉన్న నల్లజాతి కవయిత్రులు ఆడ్రీ లార్డ్, ఆలిస్ వాకర్‌లతో కలిసి రాసిన ప్రకటన చదివి, స్త్రీలందరి తరఫునా అందుకుంది. మంచి పనే. నాకు మాత్రం 1979లో రికార్డు చేసి 1981లో అచ్చువేసిన లార్డ్, రిచ్‌ల సంభాషణ అంతకంటే ముఖ్యం. తాను పసిగట్టి చెప్పినదానికి రిచ్ ఆధారాలడగడం తన చూపునే శంకించినట్టుందని లార్డ్ మొహంమీదే అంటుంది. తెల్లజాతి స్నేహితురాలు నొచ్చుకుని తప్పుకోదు, గబుక్కున క్షమాపణ చెప్పి తేలిపోదు కూడా. జాతివివక్ష మన మధ్య తెచ్చిన దూరాన్ని పట్టించుకుంటున్నాను కాబట్టే అడిగానంటుంది. (ఇలాంటి దెబ్బలాటల్ని మనమైతే ఎడిటింగ్‌లో తీసేస్తాం.) వేదికమీది సంఘీభావంలో రిచ్‌కి పోయిందేమీ లేదు. ఇక్కడ ఆమె మంచితనమే విచారణకొచ్చింది. లార్డ్ 1984లో ఆ సంభాషణని, తగువుతో సహా, ‘సిస్టర్ అవుట్‌సైడర్’లో చేర్చుకుంది.