ఆర్డరు రాని దళం

క్షయ వల్ల పదవీ విరమణ చేసి, యుద్ధం వచ్చాక మళ్లీ కొలువులో చేరిన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని 1942 జనవరిలో బ్రిటన్ నౌకాదళం లివర్‌పూల్ పంపింది. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు (యూబోట్లు) సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచేస్తున్న రోజులవి. అవి ఎటునుంచి వస్తున్నాయో, ఎలా తప్పించుకుపోతున్నాయో తేల్చి విరుగుడు చెప్పడం ఆయన పని. ఆయన డెర్బీ హౌస్ పై అంతస్తులో ఒక పెద్ద గది తీసుకుని, నేల మీద గళ్లు గీయించి, ఆట మొదలుపెట్టించాడు. సరంజామా అంతా కలిపి ఓడబొమ్మలు, సుద్దముక్కలు, గుడ్డ తెరలు.

శిక్షణకు వచ్చిన కెప్టెన్లు ఆ తెరల వెనక నిలబడి, చిన్న కంతలోంచి మాత్రమే నేల మీది ‘సముద్రాన్ని’ చూడాలి. చీకట్లో ఓడ మీద ఉన్నవాడికి ఎంత కనిపిస్తుందో అంతే కనిపించాలన్నది ఏర్పాటు. ఓడల దారి తెల్ల సుద్దతో, యూబోట్ల దారి ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. ఆ ఆకుపచ్చ గీత తెర వెనకవాళ్ల కంటికి ఆనేది కాదు. ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాలే గడువు. ఆటను నడిపింది ఎక్కువగా మహిళా నౌకాదళ విభాగంలోని యువతులు. జరిగిపోయిన పోరాటాలను నేల మీద మళ్లీ ఆడించి చూస్తే, యూబోట్లు రాత్రిపూట వెనకనుంచి నీటిపైనే వచ్చి, ఓడల వరసల మధ్యలోకి చొరబడి కాలుస్తున్నాయని అర్థమైంది. రక్షణ ఓడలేమో వాటికోసం బయటెక్కడో వెతుకుతున్నాయి! దీనికి కనిపెట్టిన విరుగుడుకు జీన్ లెయిడ్‌లా అనే యువతి ‘రాస్ప్‌బెర్రీ’ అని పేరు పెట్టింది. ఇంగ్లిషులో అది నోటితో చేసే వెక్కిరింపు శబ్దం పేరు. హిట్లర్‌ను వెక్కిరించడానికట. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా జలాంతర్గామి నడిపిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఈ గదిలో యూబోట్ పక్షాన ఆడి, జానెట్ ఓకెల్ అనే యువతి చేతిలో అయిదుసార్లు మునిగాడని చెబుతారు. యుద్ధం ముగిసేలోపు సుమారు 5 వేలమంది నౌకాదళ అధికారులు ఆ నేల మీద పాఠం నేర్చుకున్నారు.

ఇప్పటి చరిత్ర క్లాసుకు ఆ గదితో పనేముందంటే, చాలా ఉంది. పాఠ్యపుస్తకంలో యుద్ధం ఎప్పుడూ ముగిసిపోయాకే మొదలవుతుంది. ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ దాడి అంటే 1944 జూన్ 6, మిత్రరాజ్యాల విజయం, రెండు మార్కులు. ఆ రాత్రి అక్కడున్న వాళ్లెవరికీ తెల్లారి ఏం జరగబోతుందో తెలియదన్న చిన్న సంగతి ఆ రెండు మార్కుల్లో ఇమడదు. ఆట బల్ల దగ్గర కూర్చున్న పిల్లవాడికి ముందు తెలిసివచ్చేది అదే.

కొత్తవాళ్లకు మొదట ఏ ఆట ఇవ్వాలని ఎవరైనా అడిగితే ఈ కాలమిస్టు ‘మెమొయిర్ 44’ పేరు చెబుతాడు. రిచర్డ్ బోర్గ్ రూపొందించిన ఈ ఆటను డేస్ ఆఫ్ వండర్ సంస్థ 2004లో, నార్మండీ దాడికి అరవై ఏళ్లు నిండిన సందర్భంగా తెచ్చింది. ఆ వార్షికోత్సవం కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం ఏర్పాటుచేసిన బృందం కూడా ఇందులో చెయ్యి కలిపింది. ఇద్దరు ఆడొచ్చు. గంటలోపు తేలిపోతుంది. తేనెపట్టులాంటి ఆరు పలకల గళ్లు, వాటి మీద అడవి, కొండ, ఊరు, వంతెన ముక్కలు పరుచుకోవాలి. కాల్బలానికి నాలుగు బొమ్మలు, ట్యాంకు దళానికి మూడు, ఫిరంగికి రెండు. బల్లను ఎడమ, మధ్య, కుడి అని మూడు భాగాలు చేస్తారు. కిటుకంతా ఇక్కడే ఉంది. చేతిలో ఏ భాగం కార్డు ఉంటే ఆ భాగంలోని దళాలకే ఆజ్ఞ ఇవ్వగలరు.

విశాఖలో ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి కుర్రాడు మొదటిసారి ఈ ఆటకు కూర్చున్నాడు. ఇందులో మొదటి ఘట్టం పెగాసస్ వంతెన. కుడివైపున అతని కాల్బలం ఎదురుగానే శత్రువు ఉన్నాడు. చేతిలో ఉన్నవి మాత్రం దాదాపుగా ఎడమవైపు కార్డులే.

“బాబాయ్, వాడు పక్క గడిలోనే ఉన్నాడు కదా. కాల్చేస్తా.”

“కార్డు ఉందా?”

“లేదు. కానీ కనిపిస్తున్నాడు కదా!”

“నీకు కనిపిస్తున్నాడ్రా. అక్కడున్న వాళ్లకి ఆర్డరు రాలేదు.”

కుర్రాడు కాసేపు అలిగి, చేసేదేమీ లేక ఎడమవైపు దళాన్నే ఒక గడి కదిపాడు. తర్వాతి వంతులో అతని కుడివైపు దళం రెండు బొమ్మలు పోగొట్టుకుంది. సేనాపతి అనుకున్నదానికి, సైనికుడికి అందినదానికి మధ్య ఎంత దూరం ఉంటుందో ఏ వ్యాసమూ అంత తొందరగా ఎక్కించలేదు.

ఆట అయ్యాక అసలు కథ చెబితే వినడమే వేరుగా ఉంటుంది. 1944 జూన్ 6న అర్ధరాత్రి దాటి పదహారు నిమిషాలకు, మేజర్ జాన్ హోవర్డ్ దళంలోని మొదటి గ్లైడర్ బెనువీల్ దగ్గర కాలువ మీది ఆ వంతెనకు యాభై మీటర్ల లోపే దిగింది. ఇంజను లేని చెక్క విమానం, చిమ్మచీకటి, స్టాప్‌వాచ్, దిక్సూచి. బయల్దేరిన ఆరు గ్లైడర్లలో ఒకటి దారితప్పి దూరంగా ఎక్కడో వాలింది. పది నిమిషాల్లో వంతెన చేజిక్కింది. ఆ పది నిమిషాల్లోనే లెఫ్టినెంట్ డెన్ బ్రదరిడ్జ్ నేలకొరిగాడు. సాయం వచ్చేదాకా వంతెన నిలబెట్టుకోవడమే వాళ్లకిచ్చిన ఆజ్ఞ. సముద్రం మీదుగా రావాల్సిన సాయం మధ్యాహ్నానికి గానీ రాలేదు, అదీ బ్యాగ్‌పైప్ వాయించుకుంటూ వచ్చింది! లార్డ్ లోవట్ కమాండోలతో బిల్ మిలిన్ అనే వాద్యగాడు కూడా దిగాడు మరి. ఈ ఘట్టంలో జర్మన్ పక్షం ఆడేవారికి మొదట్లో కార్డులు ఎందుకు తక్కువ ఇస్తారన్నది కుర్రాడికి అప్పుడు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నిద్రలో దొరికిపోయినవాడికి ఆలోచనలు మాత్రం ఎన్ని తోస్తాయి?

అయితే ఈ ఆట దాచిపెట్టేది కూడా తక్కువేం కాదు. బొమ్మ పడితే పెట్టెలో వేసేస్తాం, ఇంకో ఆటకు లేచి వస్తుంది. బల్ల మీద ఊళ్లుంటాయి, ఊళ్లో జనం ఉండరు. నార్మండీ పోరులో సుమారు 20 వేలమంది ఫ్రెంచి పౌరులు చనిపోయారు. కాన్ పట్టణంలో చాలా భాగం మిత్రరాజ్యాల బాంబులకే నేలమట్టమైంది. ఆట నేర్పే మాస్టారు ఈ మాట చెప్పకుండా డబ్బా మూసేస్తే, పిల్లలకు యుద్ధం మీద మోజు నేర్పినట్టే అవుతుంది. యుద్ధం ఆటలంటే కొందరు తల్లిదండ్రులు ముఖం చిట్లించేది ఇందుకే. వాళ్ల భయంలో తప్పేమీ లేదు.

ఈ లోటు తీర్చే ఆటలూ వచ్చాయి. 2015లో ఫ్రాన్సు నుంచి వచ్చిన ‘ది గ్రిజిల్డ్’లో శత్రువు కనిపించడు, తుపాకీ పేలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే ఊరినుంచి వెళ్లిన స్నేహితులుగా అందరూ ఒకే పక్షాన ఆడతారు. వాన, మంచు, రాత్రి, ఫిరంగి గుళ్లు, విషవాయువు, దాడికి ఊదే ఈల అన్నవి ఇందులోని ఆరు ముప్పులు. ఒకే ముప్పు మూడుసార్లు బయటపడితే ఆ ప్రయాణం విఫలమే. కొన్ని కార్డులు ఆటగాడి మనసుకే గాయం చేసి, అతని ఎదుటే పడి ఉంటాయి. పక్కనున్న వాడికి భుజం ఇవ్వడమే ఇందులో పెద్ద ఎత్తు. దీనికి బొమ్మలు గీసిన టిన్యూస్, 2015 జనవరి 7న షార్లీ ఎబ్దో కార్యాలయం మీద జరిగిన దాడిలో చనిపోయిన కార్టూనిస్టు. ఈ ఆట చూపించే పశ్చిమ రంగంలోనే 1914 చలికాలం నాటికే భారతీయ సిపాయిలు కందకాల్లో ఉన్నారు. ఆ యుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. మంచు కార్డు పడినప్పుడు ఆ సంగతి గుర్తుచేయాలి.

బ్రెండా రొమేరో 2009లో చేసిన ‘ట్రెయిన్’ ఇంకా ముందుకు వెళ్లింది. పసుపుపచ్చ మనుషుల బొమ్మల్ని రైలు పెట్టెల్లో కుక్కి గమ్యం చేర్చాలి. పట్టాలు పరిచింది పగిలిన గాజు కిటికీ మీద. గమ్యం చేరి కార్డు తిప్పితే ఆష్విట్జ్ వంటి నాజీ నిర్బంధ శిబిరం పేరు ఉంటుంది. అప్పటిదాకా పోటీపడి ఎక్కించిన చేతులు అక్కడ ఆగిపోతాయి. అది అమ్మకానికి పెట్టిన ఆట కాదు, ఉన్నది ఒకే ప్రతి. పిల్లలకు ఇవ్వదగినదీ కాదని ఈ కాలమిస్టు అభిప్రాయం. కానీ చరిత్ర మాస్టార్లు దాని గురించి తెలుసుకుని తీరాలి. నియమాలు ఉన్నాయి కదా అని ప్రశ్నించకుండా పాటించడం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో దాన్ని మించి చూపిన ఆట లేదు.

ఇక క్లాసులో యుద్ధం ఆటల్ని నడిపే తీరు. నలభై అయిదు నిమిషాల పీరియడులో నియమాలన్నీ చదివితే సగంమంది నిద్రపోతారు. రెండు నియమాలు చెప్పి మొదలుపెట్టించి, మిగతావి అవసరం పడ్డప్పుడు చెప్పాలి. మొదట అట్లాసు తెరిచి చోటు చూపించాలి. ఒకసారి ఆడాక పక్షాలు మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, చివరి పావుగంట పాచికలు పక్కనపెట్టి అడగాల్సిన ప్రశ్నలు: ఈ ఆటలో ఎవరు లేరు? నిజంగా జరిగిందానికీ మనం ఆడిందానికీ ఎక్కడ తేడా వచ్చింది? ఎందుకొచ్చింది? ఈ పావుగంట లేకపోతే మిగిలింది ఉత్త కాలక్షేపమే.

దిగుమతి ఆటల ధరలు వేలల్లో ఉంటాయి, ప్రభుత్వ పాఠశాల కొనలేదు. కొనక్కర్లేదు కూడా. లండన్ కింగ్స్ కాలేజీలో ఫిలిప్ సేబిన్ యుద్ధ చరిత్ర విద్యార్థుల చేత ఆటలు తయారు చేయించేవాడు. మనకూ చేతికందే దూరంలో ఒక కథ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు రెండు రోజుల ముందు లెనార్డ్ బర్చల్ అనే కెనడా వైమానికుడు సిలోన్ (నేటి శ్రీలంక) దక్షిణాన గస్తీ తిరుగుతూ జపాన్ ప్రధాన నౌకాదళాన్ని చూసి, విమానం కూలేలోపే కబురు పంపగలిగాడు. బంగాళాఖాతంలోకి వచ్చిన దళం వేరు. కొన్ని రోజుల్లోనే అది 20కి పైగా సరుకు ఓడల్ని ముంచింది.

ఒక చార్టు మీద కలకత్తా నుంచి ట్రింకోమలీ దాకా తీరం గీసి, గళ్లు వేసి, మధ్యలో దుప్పటి కట్టండి. ఒక పక్క జపాన్ దళం, రెండో పక్క ఓడరేవు అధికారి. ఇతని దగ్గర గస్తీ విమానాలు రెండే. ఓడల్ని రేవులోనే ఉంచాలా, తోడు లేకుండా తీరం వెంబడి చెదరగొట్టి పంపాలా అన్నది అతను తేల్చుకోవాలి. గెలుపోటముల లెక్కలో ఓడలతో పాటు రేవులోని కూలీలను, నావికులను కూడా రాయండి.

విశాఖ, కాకినాడ బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు ఈ సెలవుల్లో ఒక్కసారి ఇది ఆడించి చూడండి. ఓడల్ని రేవులోనే ఉంచినవాళ్లు ఎందరో, పంపేసినవాళ్లు ఎందరో, వాళ్లు చెప్పిన కారణాలేమిటో రాసి పంపితే ఈ కాలమ్‌లోనే వేస్తాం.