మన్నింపు ఎవరి సొత్తు?

పోపు ఫ్రాన్సిస్ 2022 జూలై 25వ తేదీన ఆల్బెర్టాలోని మాస్క్వాచీస్‌లో, ఒకప్పటి ఎర్మిన్‌స్కిన్ రెసిడెన్షియల్ స్కూలు ఉన్న చోట, ఆదివాసులను క్షమాపణ కోరుతూ చేసిన ప్రసంగాన్ని మనలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. దానిని వార్తగా కాక, ఒక రచనగా పరిశీలించాలని మా ఉద్దేశం. అందుకు కొలబద్ద బయటినుంచి తేనక్కరలేదు. కతోలిక సంఘం తన విశ్వాసులకు నేర్పే పాపసంకీర్తన పద్ధతే చాలు.

ఆ పద్ధతిలో మొదటిది మనస్తాపం. తరువాత పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోవాలి. గురువు పాపవిమోచనం పలికినా పరిహారం మిగిలే ఉంటుంది. దొంగిలించినవాడు ఏడిస్తే చాలదు, సొమ్ము తిరిగి ఇవ్వాలి.

మనస్తాపం విషయంలో ఈ ప్రసంగానికి వంక పెట్టలేము. ఎనభై అయిదేళ్ళ మనిషి, చక్రాల కుర్చీలో అంత దూరం వచ్చారు. క్షమాపణ ముగింపు కాదు, మొదలు మాత్రమే అని ఆయనే అన్నారు. ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఏడాది లోపల రమ్మని అడిగితే ఏడేళ్ళకు వచ్చారన్నది వేరే సంగతి.

చిక్కంతా ఒప్పుకోలు దగ్గర ఉంది. వాక్యాలలో కర్త ఎవరో చూడండి. ఎందరో క్రైస్తవులు చేసిన చెడుకు, ప్రభుత్వాలు తలపెట్టిన పనిలో సంఘ సభ్యులు తోడ్పడినందుకు క్షమించమన్నారు. సంఘం, సంఘంగా, ఎక్కడా కర్త కాలేదు. లక్షా యాభై వేలమంది పిల్లలను చేర్చిన ఆ బడులలో సగానికి పైగా నడిపినవి కతోలిక సంస్థలే కదా! ఈ లోటును వెంటనే ఎత్తిచూపినది మతద్వేషి ఎవరూ కాదు, ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించిన మర్రీ సింక్లెయిర్. లైంగిక అత్యాచారాల ప్రస్తావన కూడా మాస్క్వాచీస్‌లో రాలేదు. మూడు రోజుల తరువాత క్విబెక్‌లో వచ్చింది.

ఇక పరిహారం. 2006 ఒప్పందంలో కతోలిక సంస్థలు రెండున్నర కోట్ల డాలర్ల చందా పోగుచేయడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తామన్నాయి. వసూలైనది 40 లక్షలు కూడా లేదు. 2015లో కోర్టు వారిని ఆ బాధ్యతనుంచి విడిచిపెట్టింది. మళ్ళీ 2021లో, సమాధుల వార్తలు దేశాన్ని కుదిపాక, మేత్రాణులు అయిదేళ్ళలో మూడు కోట్లు ఇస్తామన్నారు. వాటికన్‌లో ఉన్న 62 ఆదివాసుల వస్తువులు 2025 చివరకు కెనడా చేరాయి. కన్నీళ్ళు త్వరగా వస్తాయి, సొమ్ము మెల్లగా కదులుతుంది.

మన విందుల్లో తరచు వినబడే మాట ఒకటుంది: "ఎప్పుడో జరిగినవి, ఇంకా ఎందుకండీ తవ్వుకోవడం?" చివరి బడి మూతపడింది 1990లలో. ఎప్పుడో కాదు, మనలో కొందరి పిల్లలు ఇక్కడ బడికి వెళుతున్న రోజులవి. వైద్యులుగా మాకు తెలిసినది చెబుతాము. లోపల చీము ఉండగా పైన చర్మం కలిసిపోతే దానిని మానిన గాయం అనరు. గాయపడనివాడు "మరచిపో" అనడం మందు కాదు.

తెలుగులో "మన్నించు" అంటే క్షమించడమూ, గౌరవించడమూ. భాగవతంలో తన కొడుకులను చంపిన అశ్వత్థామను విడిచిపెట్టమన్నది ద్రౌపది. ఆ తల్లి కూడా నావలె ఏడవకూడదన్నది ఆమె తలపు. ఆ మాట అనే హక్కు ఆమెకే ఉంది, ఆమె తరఫున మరొకరు అంటే వినసొంపుగా ఉండదు. అయినా అర్జునుడు అతని శిరోమణిని కోసి తీసుకున్నాకే వదిలాడు. మన్నింపూ ఉంది, పరిహారమూ ఉంది.

ఇది పొరుగింటి ముచ్చట మాత్రమే కాదు. మాస్క్వాచీస్ ప్రసంగానికి నెల తరువాత, 2022 ఆగస్టు 27న, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళితులలోనూ ఆయనే మొదటివారు. సంతోషించాము. అయితే ఒకరికి పదవి దక్కడం వేరు, తరతరాలుగా గుడిలోనూ శ్మశానంలోనూ కులం గీసిన గీతను ఒప్పుకోవడం వేరు. 2016 డిసెంబరులో భారత మేత్రాణుల సమాఖ్య దళితుల గురించి ఒక విధాన పత్రం వెలువరించి, సంఘంలో వివక్ష ఉన్నదని అంగీకరించింది. అందులో కర్త ఎవరు, పరిహారం ఎంత అన్నది మన కతోలిక మిత్రులెవరైనా ఇదే కొలబద్దతో సమీక్షించి పంపితే, సంపాదకులు చోటు ఇస్తారనే మా నమ్మకం.