కౌమారము – తెలుగు కథ – రాయవేలూరి పిల్లలు

బాల్యమునకు లాలిపాట కలదు. యౌవనమునకు ప్రబంధము కలదు. ఈ రెంటి నడిమి నాలుగైదేండ్ల ప్రాయమును మాత్రము తెలుగు కథకులు చాలకాలము దాటిపోయినారు. కారణము దూరముగా లేదు. పెద్దమనిషి కాకమునుపే పెండ్లిచేయు ఇండ్లలో బాలిక ఒక్కమారుగా ఇల్లాలైనది. వధువునకు పదునాలుగేండ్లు నిండవలెనను శారదా చట్టము 1929లో గాని రాలేదు. చలముగారి ‘మైదానం’లోని రాజేశ్వరి సయితము మనకు కనబడునప్పటికే ఒకరి భార్య.

మగపిల్లవానికి ఆ భాగ్యము ముందే దక్కినది. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కం’ నాటకమే గాని, అందలి వెంకటేశము మన సాహిత్యమున తొలి కౌమారుడనదగినవాడు. పరీక్ష తప్పినాడు, గిరీశము దగ్గర చుట్ట నేర్చినాడు. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాటలాడుమన్నప్పుడు గురుశిష్యులు నోటికి వచ్చినదెల్ల వల్లించి ఆమెను మురిపించిరి. నవ్వు వచ్చు ఘట్టమే. కాని పిల్లవానికి ఇంటివారెరుగని భాషయొకటి దొరకినది, దానిచాటున వాడు దాగుకొనగలిగినాడు. గురజాడ చూపు అచట నిలిచినది.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లిపై పడిన నింద నీడవలె వెన్నంటును. కౌమారపు సిగ్గును ఇంత లోతుగా త్రవ్విన నవల మనకు వేరొకటి లేదనవచ్చును. అయినను ఆ తడబాటును చెప్పు భాష పండిన మేధావిది; నూనూగు మీసాలవానిది కాదు. ఆ కొరతను తీర్చినవాడు నామిని. ‘పచ్చనాకు సాక్షిగా’ కథలలో పిల్లవాడు తన ఇంటి మాటతోనే ఏడ్చును, నవ్వును. ఆ మాట రాయవేలూరికి పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు తిరుపతి, రాయవేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి.

కాని గుడియాత్తపు మగ్గాల వీధిలోని తెలుగు పిల్లవాని స్థితి వీరెవ్వరిదియు కాదు. వాని బడిభాష తమిళము. అవ్వకును తమిళము వచ్చును. వెంకటేశమునకు దొరకిన చాటు వీనికి లేదు. అవ్వ తెలుగున అడిగినదానికి వీడు తమిళమున బదులు చెప్పును. స్నేహితులు వినునప్పుడు తెలుగు పలుకుటకే సిగ్గుపడును. గొంతు మారు వయస్సులో మాటయు మారుచున్నదన్నమాట. ఇది కథావస్తువు కాదా? తమిళనాటి తెలుగువారి బ్రతుకును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ అను పేర కథలకెక్కించి దారిచూపినారు. పాలారు ఒడ్డున ఆ దారి పట్టినవారు కానరారు.

2006 నాటి తమిళ అధ్యయన చట్టము ఒకటవ తరగతితో మొదలై ఏటేటా ఒక్కొక్క తరగతికి ప్రాకినది. న్యాయస్థానములిచ్చిన మినహాయింపుల మాట అటుంచి, తెలుగు చదువను వ్రాయను నేర్వని కౌమారము ఇచట పెరుగుచున్నది. నేడు గుడియాత్తపు బాలిక యొకతె తన మనసులోని గుట్టును తెలుగు మాటలతోనే వ్రాసికొన్నను, ఆ మాటలు తమిళ లిపిలో నుండును.