కొంగలే కదా!

కోనసీమలో పక్షుల్ని చూసేవాళ్ళకు బైనాక్యులర్ కంటే ముందు పోటూ పాటూ తెలియాలి. వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలతో పేరుపడ్డ మా మురమళ్ళ వృద్ధ గౌతమి ఒడ్డున ఉంది. సముద్రం ఇంకా దిగువనే ఉన్నా, పోటు ఇక్కడిదాకా తెలుస్తుంది. నీరు పూర్తిగా తీసినప్పుడు బురద మేటలు బయటపడి, పిట్టలు దూరదూరంగా చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ మేసే జాగా తగ్గి ఒడ్డు వైపు జరుగుతాయి. చూడాల్సింది అప్పుడే. ఆ వేళ రోజూ ఒకటి కాదు, దాదాపు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది.

చలికాలంలో యానాం దాటి కోరింగ మడ అడవుల వైపు వెళ్ళేవాళ్ళకు ఉల్లంకుల మీదే మోజు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస దారిలో మనదీ ఒక మజిలీ మరి. మధ్యలో కొంగ అడ్డొస్తే ‘కొంగలే కదా’ అని కెమెరా పక్కకు తిప్పేస్తారు. నేను మాత్రం కొంగల దగ్గరే ఆగిపోతాను.

తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కావు. గేదెల వెంట, ట్రాక్టర్ వెంట తిరిగే పొట్టిదానికి పసుపు ముక్కు. నీళ్ళలో నిలబడే చిన్న తెల్ల కొంగకు ముక్కూ కాళ్ళూ నలుపు, పాదాలు మాత్రం పసుపు. ఒక పాదం ముందుకు చాపి బురదలో గడగడా వణికిస్తుంది. బెదిరి కదిలిన చేపపిల్లో రొయ్యపిల్లో ఆ క్షణంలోనే ముక్కున పడుతుంది. గట్టు మీద మట్టిలో కలిసిపోయి కూర్చున్న గుడ్డి కొంగ ఎగిరిందంటే తెల్లటి రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కూర్చున్నప్పటి రంగునే నమ్ముకుంటే పేరు తప్పడం ఖాయం.

ఇవన్నీ ఎక్కువగా కనిపించేది రొయ్యల చెరువుల దగ్గర. పిట్టలు వాలకుండా చెరువు మీద అడ్డంగా దారాలు కడతారు. పట్టుబడి అయ్యి నీళ్ళు తోడేసిన రోజు మాత్రం ఆపేవాళ్ళుండరు. అలాంటి గట్టు మీద నా పుస్తకంలోకి తొంగిచూసిన కాపలా ఆయన, ‘ఆయ్, కొంగల్ని కూడా లెక్కెడతారేటండీ?’ అన్నాడు. లెక్కపెట్టే పద్ధతి చూపించాను: ముందు పదింటిని ఎంచి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, అదే కొలతతో గుంపంతా జరుపుకుంటూ పోవాలి. ఆయన లెక్కా నా లెక్కా దగ్గరదగ్గరగా వచ్చాయి.

ఎక్కడ చూసినా ఉన్నాయి కాబట్టి ఎప్పటికీ ఉంటాయనుకోవడానికి లేదు. 19వ శతాబ్దం చివర్లో యూరప్ ఆడవాళ్ళ టోపీల సోకు కోసం, గుడ్లు పెట్టే కాలంలో కొంగల వీపున పెరిగే సన్నటి ఈకలకు గిరాకీ పుట్టింది. గూళ్ళ దగ్గరే పెద్ద కొంగల్ని చంపితే పిల్లలు ఆకలితో పోయేవి. చివరికి 1902లో మన దేశం నుంచి అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. పక్షుల మీద ప్రేమ, కాస్త ఓపిక ఉన్నవాళ్ళు అందులో చేరవచ్చు. అరుదైన పిట్ట వాలితే ఆ కబురు ఎలాగూ పదిమందికి చేరుతుంది. కొంగలు తగ్గాయో లేదో తేల్చాలంటే మాత్రం పోయినేటి అంకె ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. అందుకే వచ్చే జనవరిలో మీ ఊరి చెరువు గట్టుకు వెళితే, ముందు కొంగల అంకె వేసుకుని ఆ తర్వాతే వలస పిట్టల సంగతి చూడండి.